అజాన్‌కు ఆగే ఆట

నిజాంపేటలో నా వద్ద ఖుర్ఆన్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు ఈ మధ్య తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. “మౌలానా సాబ్, వీడియో గేములు హలాలా, హరామా?” వారికి ఒక్క మాటలో జవాబు కావాలి. ఇంటికి వెళ్ళి పిల్లవాడి చేతిలోని ఫోను లాక్కోవాలో, నిశ్చింతగా వదిలేయాలో తేల్చుకోవాలి. నేను మాత్రం “ఏ గేము? ఏ వేళలో? దాన్ని ఆపగలడా?” అని ఎదురు ప్రశ్నలు వేస్తున్నాను. ఆ మూడవ ప్రశ్న నాకు కితాబుల నుండి కాక, నలభై ఏళ్ళ నాటి ఒక పాత ఆట నుండి వచ్చింది.

ఆ ఆట పేరు సూపర్ మారియో బ్రదర్స్. జపానుకు చెందిన నింటెండో సంస్థ 1985 సెప్టెంబరు 13న దాన్ని విడుదల చేసింది. షిగెరు మియమోటో, తకాషి తెజుకా దాని రూపకర్తలు. ఎర్రటోపీ, గుబురు మీసాలు గల ఒక పొట్టి మనిషి ఎడమ నుండి కుడికి పరుగెత్తుతూ, గోతులు దూకుతూ, కోటలు దాటుతూ బందీగా ఉన్న రాకుమారిని విడిపించాలి. కథ అంతే. ఎనిమిది ప్రపంచాలు, ఒక్కొక్కదానిలో నాలుగు మజిలీలు, మొత్తం 32. ఇదంతా 40 కిలోబైట్లలో ఇమిడింది. నేడు ఫోనుతో తీసే ఒక్క ఫోటో దానికి పదుల రెట్లు ఉంటుంది. ఆకాశంలోని మేఘానికీ, నేల మీది పొదకూ ఒకే బొమ్మ వాడుకున్నారు. తెల్ల రంగు వేస్తే మేఘం, పచ్చ రంగు వేస్తే పొద. పొదుపు అంటే అదీ!

మన ప్రాంతపు ఇళ్ళలోకి అసలు యంత్రం కంటే దాని నకళ్ళే ఎక్కువగా వచ్చాయి. 1990లలో సమురాయ్, లిటిల్ మాస్టర్ వంటి పేర్లు పిల్లల నోళ్ళలో నానేవి. ఆటను పెట్టే డబ్బాను అందరూ ‘క్యాసెట్’ అనేవారు. తెర మీద బొమ్మ రాకపోతే దాన్ని బయటకు తీసి, నోటితో ఊది మళ్ళీ పెట్టేవారు. ఊదడం వల్ల కాదు, తీసి మళ్ళీ పెట్టడం వల్లనే అది పనిచేసేదట. అయినా ఊదకుండా పెట్టిన పిల్లవాణ్ణి నేను చూడలేదు. కొన్ని క్యాసెట్ల మీద 9999999 ఆటలు అని ముద్రించి ఉండేది. లోపల ఉన్న కొద్ది ఆటలే మళ్ళీ మళ్ళీ వచ్చేవి. కొలతల్లో, తూనికల్లో మోసం చేసేవారిని హెచ్చరించే ఆయతుల తఫ్సీరు చదువుతున్న రోజులవి. ఆ అంకె చూసినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది.

మదరసా సంవత్సరం షాబాన్‌లో ముగుస్తుంది. షవ్వాల్‌లో తిరిగి తెరిచేవరకు నేను ఖమ్మంలోని మా ఇంట్లో ఉండేవాణ్ణి. నాకంటే పదమూడేళ్ళు చిన్నవాడైన తమ్ముడు అప్పుడు నాలుగో తరగతి. అబ్బా హైదరాబాదు నుండి ఆ యంత్రాన్ని తెచ్చారు. దానికి రెండు రిమోట్లు. రెండో రిమోట్ పట్టుకోవడానికి వాడికి మనిషి కావాలి గనుక “భాయ్‌జాన్, మీరు రండి” అనేవాడు. సెలవుల్లో అలా నేర్చుకున్న ఆట అది.

ఆ తమ్ముడు ఇప్పుడు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కాపురం నిజాంపేటలోనే. కొన్నేళ్ళ క్రితం వరకు ఇది గ్రామపంచాయతీ. 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిపి నగరపాలక సంస్థను చేశారు. ఎటు చూసినా అపార్టుమెంట్లే. కింద కార్లు, పైన నీళ్ళ ట్యాంకులు. పిల్లవాడు బంతి తన్నాలంటే చోటు వెతుక్కోవాలి. తల్లిదండ్రులు ఆఫీసుల నుండి బయలుదేరే వేళకు జేఎన్‌టీయూ కూడలి నుండి నిజాంపేట రోడ్డంతా వాహనాలు బారులు తీరి ఉంటాయి. వారు ఇల్లు చేరేలోగా పిల్లవాడికి తోడు ఫోనే.

తమ్ముడి కొడుక్కి పదకొండేళ్ళు. నన్ను బడే అబ్బా అని పిలుస్తాడు. తెలివైనవాడు, గొంతు మంచిది, ముప్పైయవ పారా కంఠస్థం చేశాడు. గత ఏడాది వాడు మగ్రిబ్ జమాఅత్‌కు రావడం తగ్గించాడు. ఇంట్లో అడిగితే చదివేశానంటాడు. చదవలేదని వాళ్ళమ్మకు తెలుసు. ఆమె కోప్పడితే వాడు తలుపు వేసుకుంటాడు. అన్నం దగ్గర కూడా ఇంట్లో మాటలు కరువయ్యాయి. ఒకరోజు నేను పక్కన కూర్చొని, “అజాన్ వినిపించింది కదా, ఆపవేం?” అని నెమ్మదిగా అడిగాను. “ఆపడానికి కుదరదు బడే అబ్బా. మధ్యలో వదిలితే నా టీమ్ ఓడిపోతుంది. తరువాత వాళ్ళు నన్ను తీసుకోరు” అన్నాడు. వాడు ఆడే ఆట పేరు రాయను. అటువంటివి చాలా ఉన్నాయి. నాకు కొత్తగా తెలిసిన సంగతి మాత్రం రాయాలి. ఆ తరహా ఆటలో ఎదుటివారూ, తోటివారూ ఎక్కడెక్కడో కూర్చొని అదే క్షణంలో ఆడుతుంటారు. కాబట్టి ఒకరి కోసం ఆట నిలవదు. పిల్లవాడి నిర్లక్ష్యం కొంత ఉండవచ్చు. అయితే ఆ ఆట కట్టుబడిలోనే నమాజుకు సందు లేదు.

ఇది విన్న తమ్ముడు వారం తిరగకముందే పాత తరహా యంత్రం ఒకటి తెచ్చాడు. మగ్గురం టీవీ ముందు కూర్చున్నాము. సంగీతం విషయంలో ఉలమాల చర్చను ఇక్కడ తెరవను. మేము శబ్దం పూర్తిగా తగ్గించి ఆడాము. దానితో ఒక ఇబ్బంది వచ్చింది. గడువు వందకు తగ్గినప్పుడు సంగీతం వేగం పెరిగి హెచ్చరిస్తుంది. మాకు అది వినబడదు గనుక ఒక కన్ను ఎప్పుడూ అంకె మీదే ఉంచవలసి వచ్చింది.

ఇన్నేళ్ళ బోధన తరువాత ఆ మొదటి మజిలీని చూస్తే దాని వెనుక ఒక ఉస్తాదు కనిపించాడు. మారియో తెరకు ఎడమవైపు నిలబడి ఉంటాడు, ఎదురుగా ఖాళీ నేల. ఎవరూ చెప్పకుండానే కుడివైపు నడుస్తాము. మెల్లగా ఒక శత్రువు ఎదురొస్తాడు. తాకితే ఒక ప్రాణం పోయి మళ్ళీ మొదటి నుండి మొదలవుతుంది. మొదలు పక్కనే ఉంది గనుక పెద్ద నష్టం లేదు, దూకడం మాత్రం వచ్చేస్తుంది. కొంత దూరం పోయాక ఎదురెదురుగా రెండు మెట్ల గుట్టలు, మధ్యలో గట్టి నేల. పడినా ఏమీ కాదు. దాటగానే అటువంటివే మరో రెండు. ఈసారి మధ్యలో గొయ్యి. నూరానీ ఖాయిదా చెప్పే ఉస్తాదు చేసేదీ ఇదే కదా! మొదట విడి అక్షరాలు, తరువాత కలిసిన అక్షరాలు, ఆ తరువాతే జబర్, జేర్, పేష్. తప్పు చేస్తే నష్టం లేని చోట పాఠం నేర్పి, నష్టం ఉన్న చోట పరీక్షిస్తాడు.

ఈ ఆటలో వెనక్కి పోవడం లేదు. తెర కుడివైపుకే జరుగుతుంది, దాటిన నేల మళ్ళీ కనబడదు. గడువు 400తో మొదలవుతుంది, మన గడియారంలో మూడు నిమిషాలకు లోపే. మూడు ప్రాణాలు. వంద నాణేలు పోగుచేస్తే మరొకటి. ఆ నాణేలను డబ్బుతో కొనే దారి లేదు. రాకుమారి దొరికితే ఆట పూర్తి. ఇంకా ఆడమని రేపు మనల్ని పిలవదు. ఫోను ఆటలు చాలావరకు అలా కావు. రాకపోతే నిన్నటి బహుమతి పోయిందని గుర్తుచేస్తాయి, వస్తే ఇంకొకటి చూపిస్తాయి. శిష్యుడు చదువు ముగించి వెళ్ళిపోతే సంతోషించేవాడు ఉస్తాదు. వెళ్ళకుండా పట్టుకునేవాణ్ణి ఆ పేరుతో పిలవలేము.

ఆటను దీన్ శత్రువుగా చూడలేదు. ఈద్ రోజున మస్జిదె నబవీలో హబ్షీలు ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే, దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)కు అడ్డుగా నిలబడి, ఆమెకు తనివి తీరేవరకు చూడనిచ్చారు. ఆమె బొమ్మల్లో రెక్కల గుర్రం ఒకటి ఉండేది. గుర్రానికి రెక్కలేమిటని ఆయన అడిగితే, సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవి కదా అని ఆమె బదులిచ్చారు. ఆయన మనసారా నవ్వారు. ఇమామ్ గజాలీ (రహ్మలై) అయితే మక్తబ్ నుండి వచ్చిన పిల్లవాణ్ణి ఆడుకోనివ్వాలని, ఎప్పుడూ చదువుతోనే నలిపితే వాడి మనసు చచ్చిపోయి, చదువు తప్పించుకునే ఉపాయాలు వెతుకుతాడని రాశారు. చదరంగం విషయంలో ఫుకహాల మధ్య అభిప్రాయభేదం ఉంది. దాన్ని తేలికగా చూసినవారు సైతం జూదం కలవకూడదన్నారు, నమాజు తప్పకూడదన్నారు. మాయిదా సూరాలో జూదాన్ని నిషేధించినప్పుడు అల్లాహ్ తెలిపిన కారణాల్లో పరస్పర ద్వేషం ఒకటి, ధ్యానం నుండీ నమాజు నుండీ మళ్ళించడం మరొకటి.

డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి వేరే చెప్పనక్కరలేదు. తెలంగాణలో 2017లోనే చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. అయితే పిల్లల ఆటల్లో లోపల ఏముందో తెలియని పెట్టెలను డబ్బిచ్చి తెరవడం ఒకటుంది. అది జూదానికి చాలా దగ్గరగా ఉందని నా అభిప్రాయం. తల్లిదండ్రులు తమ ఖాతా వివరాలను పిల్లల ఫోన్లలో ఉంచకపోతే మేలు.

పిల్లవాడు మొదటి రోజు పాత ఆటను చూసి పెదవి విరిచాడు. మూడో రోజు దొడ్డిదారి కనిపెట్టాడు. రెండవ మజిలీలో పైకప్పు మీదుగా నడిచిపోతే ఒక గది వస్తుంది, అందులోని గొట్టం గుండా ఏకంగా నాలుగవ ప్రపంచంలోకి దిగవచ్చు. దిగాడు. నిమిషాల్లో ప్రాణాలన్నీ పోయాయి. తమ్ముడు నవ్వాడు, నేను నవ్వలేదు. పారాలు దాటవేసి హాఫిజ్ కావాలనుకునేవారిని మదరసాలో చాలామందిని చూశాను. మరుసటి రోజు వాడంతట వాడే మొదటి నుండి మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం మూడవ ప్రపంచంలో ఉండగా మగ్రిబ్ అజాన్ వినిపించింది. నేను ఏమీ అనలేదు. వాడు రిమోట్ మధ్యలో ఉన్న మీట నొక్కాడు. మారియో గాలిలో, గోతి మీద, దూకుతున్నవాడు దూకుతున్నట్టే నిలిచిపోయాడు. వుజూ చేసుకొని ముగ్గురమూ మస్జిదుకు వెళ్ళి వచ్చాము. వచ్చేసరికి వాడు ఇంకా గాలిలోనే ఉన్నాడు.

ఫోను ఆట పూర్తిగా పోలేదు. అస్ర్ నుండి మగ్రిబ్‌కు పది నిమిషాల ముందు వరకు అని ఒప్పందం. వారంలో ఒకటి రెండు రోజులు తప్పుతాడు. తలుపు మాత్రం తెరిచి ఉంటోంది. తమ్ముడు కూడా కూర్చుంటాడు గానీ, అమెరికా కాల్ రాగానే రిమోట్ నా చేతిలో పెట్టి లేస్తాడు. “అబ్బా ఆఫీసుకు ఆపే మీట ఉండదా బడే అబ్బా?” అని వాడు అడిగాడు. ఆ ప్రశ్న మీ అబ్బానే అడగమన్నాను. అడిగాడు. శని, ఆదివారాలు మగ్రిబ్ నుండి ఇషా వరకు తమ్ముడి ల్యాప్‌టాప్ ఇప్పుడు బీరువా మీద ఉంటోంది.