యానాంలో రెండు రోజులు

చెన్నపట్నంలో గుమాస్తాగిరీ చేసుకునే మాబోటి వాళ్ళకు దేశాటనమంటే పెళ్ళికో, మొక్కుబడికో తప్ప కుదరదు. ఈసారి మాత్రం సంఘం పనిమీద యానాం వెళ్ళి వచ్చాము. మేమంటే ఈ వ్యాసకర్తా, మన సంఘం కోశాధికారిగారూను. వెళ్ళినది వింతలు చూడడానికి కాదు, ఒక పాత లెక్క తేల్చడానికి. అది ఎలా తేలినదో సభ్యులకు చెప్పుకోవలసిన బాధ్యత వున్నది గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

కాకినాడలో రైలు దిగి బస్సెక్కితే, కోరంగి, తాళ్ళరేవుల మీదుగా యానాం సుమారు 30 కిలోమీటర్లు. కోరంగి దగ్గర మడ అడవులు వున్నాయి. 1996 నవంబరు 6 రాత్రి ఈ తీరాన్ని తుపాను ఊడ్చిపెట్టి వేయిమందికి పైగా పొట్టన పెట్టుకున్నది. ఆ దశకం నుంచీ ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు, అటవీశాఖవారు, గ్రామస్థుల సమితులు కలిసి, ఎండిపోయిన మడ నేలల్లోకి పోటునీరు పారేటట్లు కాలువలు తవ్వి మొక్కలు నాటారు. మడ చెట్టు అలల ఉధృతిని తగ్గిస్తుంది, చేపపిల్లకు నీడనిస్తుంది. తన ఊరి మంచి కోసం పలుగూ పారా పట్టడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఆ కాలువలను చూడాలి.

యానాం చిన్న ఊరు. విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల ప్రకారం జనాభా 55,626. ఫ్రెంచివారు 1723లో ఇక్కడ కొట్లు పెట్టారు. నడుమ కొన్నాళ్ళు విడిచిపోయినా మళ్ళీ వచ్చి 1954 దాకా ఏలారు. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పరిపాలన మాత్రం ఎక్కడో వందల మైళ్ళ దూరాన వున్న పుదుచ్చేరిది. బస్సు దిగగానే ఎర్ర టోపీ పెట్టుకున్న పోలీసు మంచి గోదావరి తెలుగులో "ఎక్కడికండీ?" అని అడిగితే కోశాధికారిగారు ఒక్క నిమిషం తికమకపడ్డారు. మీసాల వెంకన్నకు దండం పెట్టుకుని గౌతమి గట్టుకు వెళ్ళాము. ఎదుట ఎదుర్లంక. 2002లో వంతెన రాకముందు ఆ ఒడ్డుకు పోవాలంటే రేవు దాటవలసిందే.

ఇక లెక్క సంగతి. 2022 జూలైలో గోదావరి భద్రాచలం వద్ద 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వచ్చింది. యానాంలో పేటలకు పేటలు మునిగినాయి. మన సంఘం చందాలు పోగుచేసి బియ్యం, దుప్పట్లు, పాత బట్టలు ఒక లారీలో పంపిన సంగతి మీకు గుర్తుండే వుంటుంది. మిగిలిన 18,650 రూపాయలు మూడేళ్ళకు పైగా బ్యాంకులోనే వుండిపోయినాయి. వాటితో వస్తువులు కొని, మనిషి మనిషికీ పంచి, ఫోటోలు తీయించి, రసీదులు దాఖలు చేయవలెనని కార్యవర్గం తీర్మానం.

గట్టు దాపున ఒక మత్స్యకారుల పేటలో మహిళల పొదుపు సంఘం సమావేశం జరుగుతుంటే వెళ్ళి కూర్చున్నాము. దేశంలో ఇటువంటి సంఘాలకు బ్యాంకు అప్పులిప్పించే పద్ధతి 1992లో నాబార్డువారు 500 సంఘాలతో మొదలుపెట్టారు. ఇక్కడ పదిహేను మంది స్త్రీలు వారం వారం కొంత సొమ్ము వేసి, అందులోంచి ఒకరికొకరు నూటికి రూపాయి వడ్డీకి ఇచ్చుకుంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ పొయ్యి వెలగడానికి ఈ డబ్బే అక్కరకు వస్తుంది. పుస్తకం చూశాము. ముప్ఫై ఏళ్ళుగా జమాఖర్చులు రాస్తున్న మాకు ఒక్క కొట్టివేత కూడా కనిపించలేదు.

"మేము పంపిన సామాను అందినదా అమ్మా?" అని లీడరమ్మను అడిగాము.

"అందిందండి. కోపం తెచ్చుకోకండి బాబుగారూ. బియ్యం వచ్చేసరికి నీరు తీసేసి పది రోజులైపోయిందండి. చీరలు కొన్ని కట్టుకున్నాం. మరి కోట్లూ పంట్లాలూ పంపారు. కోటేసుకుని మావాళ్ళు వలెలా లాగుతారండీ? చింపేసి పడవల్లో నీళ్ళు తుడుచుకున్నాం."

ఆడవాళ్ళందరూ నవ్వారు. ఆ కోట్లలో ఒకటి మాదే. మేమూ నవ్వాము గాని, లోపల చివుక్కుమన్నది.

"ఆ రాత్రి బయటివాళ్ళు ఎవరు రాగలరండీ? దారి నిండా నీళ్ళు. మేమే ముసిలివాళ్ళను మోసుకుని బడి మేడమీదికి చేర్చాం. ఎవరింట్లో చంటిపిల్ల వుందో, ఎవరు నెలలు నిండి వున్నారో మాకు తెలుసు కదండీ. పెళ్ళివారి గుండిగ అడిగి తెచ్చుకుని గంజి కాచాం."

ఏమి కావాలని అడిగాము. ఈ ప్రశ్న మూడేళ్ళ కిందటే, లారీ ఎక్కించక ముందే అడగవలసినది. ఆమె తడుముకోకుండా చెప్పింది: రెండు పెద్ద గుండిగలు, నాలుగు టార్పాలిన్లు, టార్చిలైట్లు, గట్టి మోకులు. రామాలయంలో పెట్టుకుంటారట.

కోశాధికారిగారు లబ్ధిదారుల పట్టిక తీశారు. "ఎవరెవరి పేరున రాయమంటారు?"

"గుండిగ అందరిదీ కదండీ, పేరెవరిది రాస్తారు? ఎదుర్లంకలో నీరొస్తే అటు పంపుతాం."

"అది వేరే రాష్ట్రం కదా అమ్మా!"

"మా పెద్దపిల్లను ఆ ఒడ్డునే ఇచ్చామండి. గోదారికి రెండు గవర్నమెంట్లని తెలుసాండీ?"

ఆమె మాటలో చాలా వున్నది. వరద సాయం యానాం వారికి పుదుచ్చేరి ప్రభుత్వం ఇవ్వాలి, ఎదుటి ఒడ్డుకు ఆంధ్ర ప్రభుత్వం ఇవ్వాలి. హద్దు వున్నచోట కాగితం ఆగవలసిందే, అది ప్రభుత్వాల తప్పు కాదు. ఆగకుండా దాటగలిగినవి చుట్టరికమూ, ఇటువంటి సంఘాలూను. ఈ సీమకు ఇది కొత్త కాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ గాని వేళ గోదావరి దాటివచ్చిన వాళ్ళకు ఏ ఊరని అడగక అన్నం పెట్టినారు.

ఆ రాత్రి బసలో మా యిద్దరికీ పెద్ద చర్చ జరిగింది. తీర్మానం దాటితే మహాసభలో మాట పడాలి. పాటిస్తే తలకొక దుప్పటి పంచి, ఫోటో తీసుకుని వచ్చేయవచ్చు. దుప్పటి రెండేళ్ళకు చిరుగుతుంది, గోదావరి మళ్ళీ వస్తుంది. తెల్లవారేసరికి కోశాధికారిగారే, "పదండి, కాకినాడ వెళ్ళి గుండిగలు కొందాం" అన్నారు.

మొత్తం ఖర్చు 18,420 రూపాయలు. మిగిలిన 230 జమ చేశాము. లబ్ధిదారుల పట్టిక లేదు, ఫోటో లేదు. దుకాణం బిల్లులూ, పొదుపు సంఘం తీర్మానం నకలూ వున్నాయి. తీర్మానం మీరినందుకు అధిక్షేపించదలిస్తే మా యిద్దరినీ అధిక్షేపించండి. మా మనవి ఒక్కటే. ఇకమీదట ఏటా వైశాఖంలోనే, వరదలకు ముందే, కొంత సొమ్ము తీసిపెట్టి, అక్కడివారిని అడిగి, వారు చెప్పినది పంపుదాము. బట్టల మూటలు కట్టవద్దు.

బయలుదేరేటప్పుడు లీడరమ్మ ఎండుచేపల పొట్లం చేతిలో పెట్టింది. శాకాహారియైన కోశాధికారిగారు దానిని మూడు కాగితాల్లో చుట్టి, రైలంతా తోటి ప్రయాణికుల చూపులు భరించి, మా యింటి గుమ్మం దాకా భద్రంగా మోసుకువచ్చారు.