తువాలు కాదు... టువాలు!

పేరు వినగానే భుజాన వేసుకునే తువాలు గుర్తొచ్చి నవ్వుకున్నారా? ఇది ఒక దేశం పేరండీ! పసిఫిక్ మహాసముద్రంలో, ఫిజీకి ఉత్తరాన, తొమ్మిది పగడపు దీవుల దేశం. 'కలిసి నిలిచిన ఎనిమిది' అని ఆ మాటకి అర్థం. తొమ్మిదో దీవిలో పూర్వం ఎవరూ స్థిరంగా ఉండేవారు కాదు, అందుకే లెక్కలోకి రాలేదు. నేలంతా కలిపితే 26 చదరపు కిలోమీటర్లు. జనం దాదాపు పదివేలు. 1978లో బ్రిటిష్ వాళ్ళ నుంచి స్వతంత్రం వచ్చింది.

రాజధాని ఫునాఫుటిలో విమానాలు దిగే రన్‌వేనే ఊరి ఆటస్థలం. విమానం వచ్చేముందు సైరన్ మోగుతుంది, అందరూ పక్కకి తప్పుకుంటారు. అది వెళ్ళిపోయాక మళ్ళీ వాలీబాల్, మళ్ళీ కబుర్లు!

సరే, వంటింట్లోకి వెళ్దాం రండి. అక్కడ ఏరూ లేదు, వాగూ లేదు. ఇంటి కప్పు మీద పడ్డ వాన నీళ్ళు ట్యాంకులో పట్టుకోవాల్సిందే. 2011లో వానలు మొహం చాటేసినప్పుడు ఫునాఫుటిలో చాలా ఇళ్ళకి రోజుకి రెండు బకెట్లే ఇచ్చారు. వంటా అందులోనే, స్నానాలూ అందులోనే. మనం కుళాయి కింద గిన్నెలు ఎలా తోముతామో ఒక్కసారి తల్చుకోండి!

వాళ్ళ ముఖ్యమైన పంట పులాకా. మన చేమదుంపకి పెద్దక్క అనుకోండి. ఆకు గొడుగంత ఉంటుంది. ఇసుక నేలలో ఏం పండుతుందంటారా? మంచినీటి తేమ తగిలేదాకా గొయ్యి తవ్వుతారు. మొక్క చుట్టూ ఆకులు వేసి, కుళ్ళనిచ్చి, మళ్ళీ వేస్తూ ఏళ్ళ తరబడి సాకుతారు. ఆ గుంటలు కుటుంబాల ఆస్తి, తరాలుగా వస్తాయి. దుంప తురిమి, కొబ్బరిపాలు కలిపి, ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తే 'ఫెకెయి'. తురమడం ఆడవాళ్ళ పనే, అక్కడా అంతే! తీపికి కొబ్బరి కల్లుని పాకంలా కాచి వాడతారు. మన తాటిబెల్లం పాకం ఎరిగినవాళ్ళకి ఇది వింతేం కాదు.

ఇప్పుడు ఆ గుంటల్లోకే ఉప్పు చేరుతోంది. సముద్రం ఒడ్డు దాటి వస్తే గోడ కట్టుకోవచ్చు. కానీ పగడపు నేల జల్లెడలాంటిది. పెద్ద పోటు రోజుల్లో నీళ్ళు అడుగు నుంచే పైకి ఉబుకుతాయి. గోడ ఏం చేస్తుంది పాపం? ఉప్పు తగిలిన పులాకా కుళ్ళిపోతుంది. ఇక కొట్లో కొన్న బియ్యం, మైదాలే దిక్కు.

అలాగని చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఫునాఫుటిలో సముద్రాన్ని పూడ్చి పదిహేడు ఎకరాల పైచిలుకు కొత్త నేల చేసుకున్నారు. నేల మునిగినా దేశం దేశమేనని 2023లో రాజ్యాంగంలోనే రాసుకున్నారు. అదే ఏడు ఆస్ట్రేలియాతో ఒప్పందం కుదిరింది: ఏటా 280 మంది అక్కడికి వెళ్ళి స్థిరపడవచ్చు. 2025లో మొదటిసారి లాటరీ పెడితే, కుటుంబ సభ్యులతో కలిపి 8,750 మంది పేర్లిచ్చారు! ఎనభై శాతం పైగా అన్నమాట. పేరిచ్చిన వాళ్ళంతా ఊరు వద్దనుకున్నారని మాత్రం అనుకోకండి. చదువులు, ఆసుపత్రులు, పిల్లల ఉద్యోగాలు కూడా ఉంటాయిగా. పైగా వెళ్ళినవాళ్ళు ఎప్పుడైనా వచ్చి పోవచ్చు. అయితే పులాకా అలా కాదు. ఆకులు వేసేవాళ్ళు దగ్గరుండాలి, ఏడాది పొడుగునా.