మా యింటి లేచే బల్ల

చొక్కా కుట్టించేటప్పుడు ఒంటికి కొలత ఇస్తాము. చెప్పులు కొనేటప్పుడు కాలికి తొడిగి చూస్తాము. దినానికి ఎనిమిది గంటలు మన మోచేతులు మోసే వ్రాతబల్లను మాత్రం ఎవరి కొలతకూ చేయించము. బజారులో దొరికే బల్ల సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. పొడుగువాడు దానిమీదికి వంగాలి. పొట్టివాడు భుజాలు ఎగదీసి వ్రాయాలి. వెనుక కరణాలు, షావుకార్ల గుమాస్తాలు చాపమీద బాసింపట్టు వేసికొని, వాలుమూత పెట్టె ముందర పెట్టుకొని పద్దులు వ్రాసేవారు. ఆ పెట్టె మనిషికి తగ్గట్టు దగ్గరికీ దూరానికీ జరిగేది. నాలుగు కాళ్ల బల్ల వచ్చాక, జరగవలసిన పని మనిషికే వచ్చింది.

మేము బెంగుళూరులో ఒక ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా గుమాస్తా పని చేస్తున్నాము. సాయంత్రం ఇంటివద్ద ఒక వర్తకుని జి.యస్.టి. పద్దులు చూస్తాము. రెండేళ్ల కిందట నడుము పట్టేసింది. డాక్టరుగారు మందు తక్కువ, మాట ఎక్కువ ఇచ్చారు: "గంటలకొద్దీ కూర్చోవద్దు. అలాగని రోజంతా నిలబడనూ వద్దు. కొంతసేపు అది, కొంతసేపు ఇది." ఆ దినాలలోనే మా అమ్మ రామకోటి వ్రాయడం మానేసింది. మోకాళ్లు వంగక కింద కూర్చోలేదు. బల్లవద్ద కూర్చుంటే అది ఆమె రొమ్ము దాకా వస్తుంది. నోటుపుస్తకం మడిచి దేవుని అలమరలో పెట్టేసింది. అడిగితే, "వ్రాసింది చాల్లేరా" అన్నది. చాలలేదని మాకు తెలుసు.

ఒకనాడు టేపు పట్టుకొని ఇంటిల్లపాదినీ కొలిచాము. మేము నిలబడి వ్రాయడానికి 104 సెంటీమీటర్లు కావాలి. పి.యు.సి. చదివే మా అబ్బాయి కూర్చొని చదవడానికి 72. అమ్మకు పొట్టి కుర్చీమీద 64. ఉన్న రెండు గదులలో మూడు బల్లలకు చోటెక్కడిది? మోటారుతో లేచే బల్లలు అంగళ్లలో ఉన్నాయి. మేము చూసినవి మా జీతానికి అందేవి కావు. అంతకంటె ముఖ్యం, అవి 70కి దిగువకు దిగేవి కావు. మాకు నిలబడడానికి పనికివస్తాయి గాని, అమ్మకు పనికిరావు. అందుకని మేమే చేసికొందామని మా అబ్బాయి అన్నాడు.

వాడి ధైర్యానికి ఆధారం అరచేతిలో ఇమిడే ఒక పలక. దానిపేరు ఆర్డుయినో. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో, ఇంజనీర్లు కాని విద్యార్థులు కూడ సులభంగా వాడుకోవాలని దీన్ని తయారుచేశారు. ఆ ఊళ్లోని ఒక పానశాల పేరే దీనికి పెట్టారు. పానశాలకేమో అక్కడి పాత రాజు పేరు. మెట్రిక్యులేషనుతో ఆగిన మాకు ఇది అర్థమౌతుందా అని సందేహించాము. కాని ప్రోగ్రాము అంటే మేము ఆఫీసులో దినమూ పాటించే నిబంధనల వంటిదే: ఇది ఉంటే అది చెయ్యి; లేకుంటే ఆపు. మా అబ్బాయి ఇంగ్లీషులో వ్రాశాడు, మేము ఒక్కొక్క పంక్తికి తెలుగులో అర్థం చెప్పించుకొని తలకెక్కించుకొన్నాము.

సామానుకు టౌన్‌హాలు దగ్గర ఎస్.పి. రోడ్డుకు నాలుగు ఆదివారాలు తిరిగాము. బేరం కన్నడంలో, పేర్లు ఇంగ్లీషులో, తండ్రీకొడుకుల గుసగుసలు తెలుగులో జరిగాయి. బల్లను ఎత్తేవి రెండు మోటారు కడ్డీలు. మోటారు తిరిగితే లోపలి మర తిరిగి కడ్డీ బయటికి సాగుతుంది. ఒక్కొక్కటి 40 సెంటీమీటర్లు సాగి, సుమారు 90 కిలోల బరువు ఎత్తగలదు. సెకనుకు ఒక సెంటీమీటరు నడక. మొత్తం ఖర్చులో సగానికి పైగా ఈ రెంటికే అయింది. వీటిలో ఒక మేలుంది: మరతో పనిచేసేవి గనుక కరెంటు పోయినా బల్ల జారదు, ఎక్కడున్నది అక్కడే నిలుస్తుంది. ఒక లోపమూ ఉన్నది: నిలువు బరువు మోస్తాయి గాని పక్కబరువు ఓర్వలేవు. అందుకని వెల్డింగు మేస్త్రీ చేత ఒకదానిలో ఒకటి జారే చదరపు ఇనుప గొట్టాలతో కాళ్లు చేయించి, కడ్డీలను వాటిలో దాచాము. పైపలక మా నాయనగారి కాలపు టేకుచెక్క.

ఇక బొత్తాలు. అమ్మ వేళ్లకు బిగువైన స్విచ్చులు నొక్కే బలం లేదు. తాకితే పనిచేసేవి పెడదామన్నాడు అబ్బాయి. రెండు లోహపు రేకులు దగ్గరగా ఉంటే వాటి నడుమ కొద్దిపాటి విద్యుత్తు నిలువ ఉంటుంది. మన శరీరంలో ఉప్పునీరు ఉన్నది గనుక వేలు కూడ ఒక రేకువలె పనిచేసి ఆ నిలువను మారుస్తుంది. ఆ మార్పును చిన్న చిప్పు కనిపెడుతుంది. 1965లో ఇంగ్లండులో ఇ. ఎ. జాన్సన్ అనే ఆయన, విమానాల రాకపోకలు చూచేవారి కోసం ఈ పద్ధతిని గురించి వ్రాశాడు. ఇప్పుడు అందరి చేతి ఫోనులోనూ ఉన్నది అదే. పలుచని చెక్క అడ్డమున్నా పనిచేస్తుంది. టేకుపలకను అడుగునుంచి తొలిచి, పైన మూడు మిల్లీమీటర్లు మిగిల్చి, ఆ గుంటలో చిప్పును అతికించాము. పైకి చూస్తే చెక్క తప్ప మరేమీ కనబడదు.

ఇక్కడే ఇంట్లో వాదం పుట్టింది. "నాయనా, ఒకసారి తాకితే చాలు, దానంతట అదే కావలసిన ఎత్తుకు పోతుంది. అలా వ్రాస్తాను" అన్నాడు అబ్బాయి. వంటింటి గడపలో ఉన్న అమ్మ, "కింద పసిబిడ్డ ఉంటే దానికి కళ్లున్నాయా?" అన్నది. మా చెల్లెలి బిడ్డ పాకే వయసులో ఉన్నది. మా యింటికి వస్తే ఆమెకు బల్ల కిందే కాపురం. పరీక్ష చేసే దినాలలో మా యింటావిడ తడిగుడ్డతో పలక తుడిస్తే మోటారు కదిలింది. నీటికీ వేలికీ ఉన్న తేడా ఆ చిప్పుకు తెలియదు. ఆ రెండూ చూచిన తరువాత వాడు మరి వాదించలేదు.

కర్మాగారాలలో రేకులు అదిమే ప్రెస్సులకు రెండు బొత్తాలు దూరంగా పెడతారు. రెండు చేతులూ బొత్తాలమీద ఉంటే తప్ప యంత్రం కదలదు. కాబట్టి చెయ్యి యంత్రంలో పడదు. మేమూ ఆ దారే పట్టాము. ఎడమవైపు ఒక తావు, కుడివైపు 'పై', 'కింద' అని రెండు తావులు. నడుమ రెండున్నర అడుగులు. రెండు చేతులూ అర సెకను లోపల తాకాలి, బల్ల కదిలినంతసేపూ తాకే ఉండాలి. ఏ చెయ్యి తీసినా ఆగుతుంది. పైగా, దిగేటప్పుడు దేనికైనా తగిలితే మోటారు లాగే కరెంటు పెరుగుతుంది. ఆర్డుయినో అది చూచి ఆపి, రెండు సెంటీమీటర్లు వెనక్కు లేపుతుంది. నిండు బియ్యపు సంచి కింద పెట్టి పదిసార్లు పరీక్షించాకనే అమ్మను కూర్చోబెట్టాము.

ఇంకొక చిక్కు మిగిలింది. ఒకే అంగట్లో కొన్న రెండు మోటార్లయినా నడకలో కవలలు కావు. బరువు ఎక్కువ పడినవైపు వెనుకబడితే బల్ల వాలి, గొట్టాలు పట్టేస్తాయి. మోటారు తిరిగేకొద్దీ టిక్కుటిక్కుమని లెక్క పంపే అయస్కాంతపు ఏర్పాటు ఆ కడ్డీలలో ఉన్నది. పలకమీద 2, 3 అంకెలు గల కాళ్లకు ఆ రెండు తీగలూ కలిపితే ఆర్డుయినో లెక్కలు పోల్చి, ముందున్నదాన్ని నెమ్మదింపజేస్తుంది. రెండు పద్దులు సరిచూచి తేడా తీర్చడం మా వృత్తే గనుక ఈ ఒక్క భాగం మేము ఎవరి సాయమూ లేకుండా అర్థం చేసికొన్నాము.

బల్ల మా యింట్లో నిలిచి ఆరు నెలలైంది. ఉదయం 64, మధ్యాహ్నం 72, రాత్రి 104. నడుము నొప్పి పూర్తిగా పోయిందని చెప్పము. గంటకోసారి లేస్తున్నాము, మాత్రలు తగ్గాయి. అమ్మ పుస్తకం అలమరలోనుంచి దిగింది. చెక్కమీద 'పై', 'కింద' అనే అక్షరాలు మా అబ్బాయే చెక్కాడు. వాడు బడిలో కన్నడం చదివినవాడు. తెలుగు లిపి అవ్వ పక్కన కూర్చొని ఆమె చేతివ్రాత చూచి నేర్చుకొన్నాడు. మొదట 'పై' గుణింతం వంకరపోతే అవ్వ చెరిపించి మళ్లీ వ్రాయించింది.

ఇటువంటి పని తలపెట్టే సోదరులకు రెండు మాటలు. పన్నెండు వోల్టుల వైపు మీరు చేసికోండి. 230 వోల్టుల వైపు తెలిసిన ఎలక్ట్రీషియనుకు వదలండి. ఎంత ఎత్తు లేవాలని అడిగేముందు ఎంత దిగాలని అడగండి. ఇంట్లో అందరికంటె పొట్టివారిని, ముసలివారిని ముందు కొలవండి. బల్ల వారికి అందితే తక్కినవారికి అందించడం కష్టం కాదు.