ఎండకు ఆగే పెట్టె

తోటలో మనిషి తోడు లేకుండా గడ్డి కోసుకుపోయే యంత్రాలు వచ్చాయి. బ్యాటరీ తగ్గగానే తనంతట తానే గూటికి వెళ్లి, రెండు లోహపు పలకలను తాకి నిలబడుతుంది. స్వీడను దేశపు హుస్క్‌వర్నా కంపెనీ 1995లోనే మనిషి తోడు లేకుండా గడ్డి కోసే యంత్రం చేసింది. అయితే అది చల్లని సీమ. అక్కడి చింత వానా, మంచూను. మా తుకుం ఎండ సంగతి పాఠకులకు వేరే చెప్పాలా? చంద్రపూరు 47 డిగ్రీలు చూసిన ఊరు. లిథియం బ్యాటరీని సాధారణంగా 0 నుంచి 45 డిగ్రీల లోపునే ఛార్జి చేయాలట. మే నెల మధ్యాహ్నం మన గాలే ఆ గీత దాటుతుంది.

ఎలక్ట్రానిక్సులో డిప్లొమా చేసిన మా తమ్ముడి కొడుకు ఈ యంత్రాలకు ఛార్జరు తయారుచేస్తానని బయలుదేరాడు. పెట్టుబడి నా చిట్టీ డబ్బు. అమ్మాయి చదువుకని దాచినది. నేను మెట్రిక్యులేషను గుమాస్తానే గాని, డబ్బు పెట్టేవాడు ప్రశ్నలు వేయవచ్చు గదా! నాలుగు ఆదివారాలు వేశాను.

పెట్టెల మీద ఐ.పి. 67 అని ఉంటుంది. 6 అంటే దుమ్ము చొరదు. 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా చెడదు. వేడి మాట ఆ అంకెల్లో ఎక్కడా లేదు! నన్నడిగితే చిక్కంతా ఇక్కడే ఉంది. వానకని బిగించి మూస్తే వేడి బయటికి పోదు. వేడికని కన్నాలు పెడితే బొగ్గుధూళి, చీమలు, ఒక్కొక్కప్పుడు బల్లి. వంద వాట్లు పుచ్చుకుని తొంభై ఇచ్చే ఛార్జరు తక్కిన పదీ వేడిగా లోపలే వదులుతుంది. అందులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా సుమారు సగానికి పడిపోతుంది.

అందుకని మావాడు ఫ్యాను మానేశాడు. అల్యూమినియం పెట్టెకు వెనుక రెక్కలు పెట్టి, వేడెక్కే భాగాలను ఆ గోడకే ఆనించాడు. పైన తెల్లరంగు, దానికి జానెడు ఎత్తున రేకు గొడుగు. బ్యాటరీలోని థర్మిస్టరు 45 చూపితే ఛార్జింగు ఆగుతుంది. చల్లబడ్డాక మళ్లీ సాగుతుంది.

"మధ్యాహ్నం ఆగితే చెడిపోయిందని ఫోన్లు చేస్తారు పెదనాన్నా" అని వాడి బెంగ.

అది మాత్రం నాకు చేతనైన పని. ఆఫీసులో నోటీసులు రాసే చెయ్యే ఇది. సరిహద్దు దాటితే ఆసిఫాబాదు, మంచిర్యాల, అక్కడా కొనేవారుంటారు. మరాఠీలో ఒకటి, తెలుగులో ఒకటి, పెట్టెకు అతికించే చీటీ రాసిచ్చాను: "ఎండకు ఆగినది. చల్లబడగానే దానంతటదే మొదలగును. దయచేసి తట్టవద్దు."