షియాన్ నగరంలో ఒక రాతి సాక్ష్యం



మన బైబిలు చివర ఉండే పటాలలో యెరూషలేము, అంతియొకయ, రోమా పట్టణాలను పిల్లలు కూడా వేలుపెట్టి చూపగలరు. ఆ పటం అంచు దాటి ఇంకా తూర్పుకు వెళితే, ఒంటెల బిడారులు నెలల తరబడి నడిచి చేరుకొనే ఒక మహానగరం ఉండేది. దాని పేరు చాంగాన్. చిరకాల శాంతి అని ఆ పేరుకు అర్థం. పట్టు వ్యాపారపు దారి అక్కడి నుండే పడమటి దేశాలకు బయలుదేరేది. నేడు ఆ నగరాన్ని షియాన్ అంటారు. చైనాలోని షాన్షీ రాష్ట్రానికి అది రాజధాని.

షియాన్ వెళ్లినవారు మొదట చూసేది మట్టి సైన్యాన్ని. నగరానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, 1974 మార్చి నెలలో కొందరు రైతులు నీళ్ల కోసం బావి తవ్వుతూ ఉంటే, గునపానికి కాల్చిన మట్టి బొమ్మల ముక్కలు తగిలాయి. శాస్త్రజ్ఞులు వచ్చి తవ్వగా, మనిషి ఎత్తు సైనికులు వరుసలు వరుసలుగా నిలబడి ఉన్న గుంటలు బయటపడ్డాయి. అన్నీ కలిపి సుమారు 8,000 బొమ్మలు ఉంటాయని అంచనా. ఒకరి ముఖము మరొకరి ముఖములా ఉండదు. మొదటి గుంట పొడవు 230 మీటర్లు. దానిమీద పెద్ద కప్పు వేసి, జనం చుట్టూ నడిచి చూసేలా ఏర్పాటు చేశారు. చాలా బొమ్మలు ముక్కలుగానే దొరికాయి. వాటిని ఓపికతో అతికి నిలబెట్టే పని ఇంకా జరుగుతోంది. మొదట వాటికి రంగులు ఉండేవి. మట్టిలోనుండి తీసి గాలి తగలగానే ఆ రంగు పెచ్చులై రాలిపోయింది.

ఈ సైన్యాన్ని చేయించుకొన్నవాడు చిన్ షి హువాంగ్. పదమూడవ ఏట రాజై, క్రీ.పూ. 221లో చైనా అంతటినీ ఏలిన మొదటి చక్రవర్తి అయ్యాడు. చావు రాకుండా చేసే మందు కోసం సముద్రాల మీదికి మనుషులను పంపాడు. అయినా క్రీ.పూ. 210లో, యాభై ఏళ్లు నిండకుండానే చనిపోయాడు. అతని సమాధి కోసం ఏడు లక్షలమంది పని చేశారని ప్రాచీన చరిత్రకారుడు సిమా చియన్ రాశాడు. ఇన్నివేల మట్టి సైనికులు కాపలా ఉన్నా, నాలుగేళ్లు తిరిగేసరికి అతని వంశమే నేలకూలింది. సమాధి దిబ్బను మాత్రం ఈనాటికీ తవ్వలేదు.

నగరం మధ్యకు వస్తే చుట్టూ కోటగోడ కనబడుతుంది. 14వ శతాబ్దంలో మింగ్ రాజులు కట్టించిన ఈ గోడ ఎత్తు 12 మీటర్లు, చుట్టుకొలత దాదాపు 14 కిలోమీటర్లు. పైన రెండు ఎడ్లబండ్లు పక్కపక్కన సులువుగా పోయేంత వెడల్పు ఉంది. అద్దెకు సైకిలు తీసుకొని గోడమీదనే ఊరంతా చుట్టి రావచ్చు. లోపల 1380లో కట్టిన నగారా గోపురం, 1384లో కట్టిన గంట గోపురం ఉన్నాయి. నగారా గోపురం వెనుక ముస్లిముల వీధులు, పురాతనమైన పెద్ద మసీదు ఉన్నాయి. ఆ వీధుల్లో గట్టి రొట్టెను చేతితో చిన్న ముక్కలుగా తుంచుకొని, వేడి మాంసపు పులుసులో నానబెట్టుకొని తింటారు. మన జొన్నరొట్టె, మాంసం పులుసు తిన్నవారికి అది కొత్తగా అనిపించదు.

గోడకు దక్షిణాన పెద్ద అడవిబాతు గోపురం ఉంది. ఏడంతస్తులు, 64 మీటర్ల ఎత్తు. మనం బడిలో చదువుకొన్న చైనా యాత్రికుడు హ్యుయాన్ త్సాంగ్ భారతదేశం నుండి తీసుకొనిపోయిన 657 గ్రంథాలను భద్రపరచడానికి క్రీ.శ. 652లో దీనిని కట్టడం మొదలుపెట్టారు. ఆయన మన కృష్ణానది ఒడ్డున ధాన్యకటక ప్రాంతానికి కూడా వచ్చి, అక్కడ కొన్ని నెలలు ఉండి చదువుకొన్నాడు. తెలుగువారికీ ఆ గోపురానికీ ఉన్న బంధం అది.

ఇక మన పత్రిక చదివేవారు తప్పక ఆగవలసిన చోటు ఒకటుంది. కోటగోడ దక్షిణ ద్వారానికి దగ్గరలో, 1087లో ప్రారంభమైన శిలాశాసనాల వనం అది. అక్కడి వందల రాళ్ల మధ్య తొమ్మిది అడుగులు దాటిన ఒక నల్లని రాయి నిలబడి ఉంది. దాని తలమీద తామరపువ్వుపై ఒక సిలువ చెక్కబడి ఉంది. క్రీ.శ. 781లో నిలిపిన ఈ రాయిమీద చైనా అక్షరాలతోపాటు సిరియా భాష అక్షరాలు కూడా ఉన్నాయి. ఆలోపెన్ అనే సేవకుడు 635లో లేఖనాలు మోసుకొని చాంగాన్ చేరాడనీ, చక్రవర్తి ఆయనను చేర్చుకొని, 638లో సువార్త చెప్పుకోవడానికి అనుమతి ఇచ్చి, నగరంలో మఠం కట్టించి, అందులో 21 మందిని ఉంచాడనీ ఆ శాసనం చెబుతోంది. కేరళలోని తోమా క్రైస్తవులకు పూర్వం సంబంధాలు ఉన్న ఆ తూర్పు సిరియా సంఘమే వీరిని పంపింది. హ్యుయాన్ త్సాంగ్ తిరిగి వచ్చినప్పుడు ఎదుర్కొని గౌరవించినది కూడా ఈ చక్రవర్తే.

మరి ఆ సంఘం ఏమైంది? 845లో మరొక చక్రవర్తి పరదేశపు మతాలను అణచివేయమని ఆజ్ఞ ఇచ్చాడు. మఠాలు మూతపడ్డాయి. పదవ శతాబ్దం చివర చైనా చూసి వచ్చిన ఒక సన్యాసి, అక్కడ క్రైస్తవులు మిగలలేదని చెప్పినట్లు ఒక అరబ్బీ గ్రంథంలో ఉంది. రాయి కూడా మట్టిలో కూరుకుపోయింది. 1620లలో, మళ్లీ కూలీలు నేల తవ్వుతూ ఉండగానే, అది బయటపడింది.

హింస ఒక్కటే కారణం కాదని చరిత్రకారులు చెబుతారు. విశ్వాసులలో చాలామంది పరదేశపు వర్తకులు, వారి కుటుంబాలవారు. పెద్దలు దూరదేశం నుండి రావలసి ఉండేది. ఆదరణ రాజభవనం నుండి వచ్చేది. ఆ తలుపు మూసుకొనేసరికి, ఆ ఊరి నేలలో వేరు చాలినంత లోతుకు దిగి ఉండలేదు.

పల్లె సంఘాల మధ్య పనిచేసేవాడిగా ఈ మాట నన్ను ఆలోచింపజేస్తుంది. మన మందిరాలకు సిమెంటు ఎక్కడినుండి వస్తోంది? వచ్చే చోట అది ఆగిపోతే, ఆదివారం గంట కొట్టేవారు మన ఊళ్లోనే ఉన్నారా? మన పిల్లలు లేఖనాన్ని తమ మాటల్లో చెప్పగలుగుతున్నారా? ఈ ప్రశ్నలను మీ సంఘ పెద్దలతో కూర్చొని మాట్లాడుకోండి.

షియాన్ వెళ్లే అవకాశం ఉన్నవారికి వసంతకాలము, సెప్టెంబరు, అక్టోబరు నెలలు అనుకూలం. అక్టోబరు మొదటి వారం మాత్రం సెలవుల రద్దీ ఉంటుంది, మానుకోండి. మట్టి సైన్యానికి ఒక పూర్తి రోజు, నగరానికి రెండు రోజులు కేటాయించుకోండి. వాటిలో ఒక ఉదయం ఆ నల్లరాయి కోసం ఉంచుకోండి. రాయి పక్క అంచుల మీద ఆనాటి సేవకుల పేర్లు సుమారు డెబ్బై చెక్కి ఉన్నాయి. మన పల్లె సంఘాల రిజిస్టరులో ఉండే పేర్లలాగే అవి కూడా ఒకనాడు అక్కడ నిలబడి ప్రార్థించిన మనుషుల పేర్లు.