క్లీనరేడి?

అమెరికా వచ్చాక నా నోటినుంచి జారిపోయిన మాటల్లో "లారీ" ఒకటి. ఇక్కడ లారీ అంటే మగవాళ్ళ పేరనుకుంటారు. పక్కింటాయన కిరాణా సామాన్లు తెచ్చుకునే పికప్పూ ట్రక్కే, ముప్పయ్యారు టన్నుల బరువుతో హైవే మీద పోయేదీ ట్రక్కే. పెద్దదాని గురించే చెప్పాలంటే "సెమీ" అనో, "ఎయిటీన్ వీలర్" అనో అనాలి.

సెమీ అంటే సగం. వెనకుండే ట్రైలర్‌కి ముందువైపు చక్రాలుండవు, అందుకని ఆ పేరు. దాని ముందు భాగం బరువంతా ఇంజనున్న బండి మీద ఆనుతుంది. రెండూ కలిసే చోటున్న ఇనప పళ్ళేన్ని "ఐదో చక్రం" అంటారు, గుర్రబ్బగ్గీల కాలం నుంచి వచ్చిన పేరది. ఇక 18 లెక్కంటారా, ముందు రెండు, వాటి వెనక జంట టైర్లు ఎనిమిది, ట్రైలర్‌కి మరో ఎనిమిది. మనవాళ్ళు "పది టైర్ల లారీ" అంటారే, అలాగే.

ట్రక్ అన్న మాటకి పాత అర్థం చిన్న చక్రం. ఓడల మీద ఫిరంగుల కింద ఉండే చక్రాల్ని అలా పిలిచేవారు. లారీ బ్రిటిష్ వాళ్ళ మాట. అంతకుముందు అదెక్కణ్ణుంచి వచ్చిందో నిఘంటువులకీ తేలలేదు. మన దగ్గరికి వచ్చాక మాత్రం బండెడు, గంపెడులాగే "లారీడు ఇసుక" అని కొలత కూడా అయిపోయింది. ఎద్దుల్ని తోలినట్టే లారీనీ తోలుతాం.

మా నాన్న లారీ తోలేవాడు. నున్న మార్కెట్లో మామిడికాయలు ఎత్తుకుని ఢిల్లీ దాకా. కాయ పండేలోపు చేరాలి, అదీ పరుగు. ఆయన డాలస్ వచ్చినప్పుడు ఇంటర్‌స్టేట్ 35 పక్కన ఒక ట్రక్ స్టాప్‌కి తీసుకెళ్ళాను. మెక్సికో సరిహద్దులోని లరేడో నుంచి మినెసోటాలోని డులూత్ దాకా పోయే రోడ్డది. నాన్న ఒక్కో బండి చుట్టూ తిరిగి చూశాడు. చూసి, "క్లీనరేడిరా?" అన్నాడు.

లేడు నాన్నా, ఒక్కడే తోలతాడు అన్నాను.

క్లీనరంటే తుడిచేవాడు మాత్రమే కాదు కదా. టైరు వెనక రాయి పెట్టేదీ, వెనక్కి తీసేటప్పుడు "రానీ, రానీ" అని బండి తట్టేదీ, తెల్లవారుజామున డ్రైవరు కన్ను మూతపడకుండా కబుర్లు చెప్పేదీ వాడే. నాన్న పధ్నాలుగో ఏట ఎక్కింది ఆ సీట్లోనే.

"మరి నిద్రొస్తే?" అన్నాడు. ఇక్కడ వరసగా పది గంటల విశ్రాంతి తర్వాత పదకొండు గంటలకి మించి తోలకూడదు, ఆ లెక్క బండిలో ఉండే యంత్రమే రాస్తుంది అని చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాకూ ఇట్లాంటిది ఉండుంటే ఆ కుర్రాడు బతికేవాడు" అన్నాడు. ఆ కుర్రాడి సంగతి ఇంట్లో ఎప్పుడూ ఎత్తగా వినలేదు నేను. అప్పుడూ అడగలేదు.

తర్వాత వెతికి చూశాను. మనకీ చట్టం ఉండేది. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 అనే చెప్పేది. కాకపోతే అది ఐదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న చోటే వర్తించేది. నాన్న తోలిన లారీ యజమానికి ఉన్నది ఆ ఒక్క బండే. దాని మీద ఉన్నది ఇద్దరు.

మొన్న మా అబ్బాయి బడికోసం తాత గురించి నాలుగు ముక్కలు రాస్తూ "ట్రక్ డ్రైవర్" అని పెట్టాడు. తప్పేం కాదు. అయినా లారీ డ్రైవర్ అని మార్పించాను. టీచర్‌కి అర్థం కాదేమో అన్నాడు. అడిగితే చెప్పు, దాని మీద ఇద్దరుంటారని, అన్నాను. రెండోవాడెవరని వాడు అడిగాడు. తాతకి ఫోన్ కలిపి ఇచ్చాను.