‘మావాడు ఏం చెయ్యడండీ!’

మా పండు ఐదు కిలోల పొమెరేనియన్. ఒళ్లంతా బొచ్చు కాబట్టి చూసేవాళ్లకు దండిగా కనిపిస్తాడు గానీ, స్నానం చేయించిన రోజున తెలుస్తుంది లోపల ఉన్నది పిడికెడు ప్రాణమేనని. ఆ పిడికెడు ప్రాణానికి భయం మాత్రం దేవుడు పెట్టలేదు. మూడింతలున్న కుక్క ఎదురొచ్చినా ముందు మొరిగేది వీడే. మల్కాజిగిరిలో మేముండే కాలనీలో వీణ్ణి తిప్పడానికి తీసుకెళ్లడమంటే, వీధి కుక్కల గుంపుల సరిహద్దులన్నీ దాటి క్షేమంగా ఇల్లు చేరడం.

బయల్దేరేటప్పుడు మా అత్తగారు చేతికి కర్ర ఇచ్చేవారు. అది చూసి మా వాచ్‌మన్ భార్య ఒకనాడు గేటు దగ్గర ఆపింది. ఆవిడది పాలమూరు వైపు. రాత్రి మిగిలిన అన్నం కుక్కలకు పెట్టేది ఆవిడే.

“కట్టె చూపియ్యకు మేడమ్. గది జూస్తెనే వాటికి కోపమొస్తది. కొట్టెటోళ్లను శానమందిని జూసినయ్ అవి” అంది. తర్వాత మా వెంట నడుస్తూ హద్దులు చెప్పింది. ట్రాన్స్‌ఫార్మర్ దాకా నల్ల ఆడకుక్కది. అక్కడినుంచి కిరాణా కొట్టు దాకా కుంటి కుక్క గుంపుది. గుడి వెనక సందు ఇంకో గుంపుది, అటు మాత్రం పోవద్దు.

ఆ రోజు నుంచి నేను పండును కాక వీధిని చూస్తూ నడవడం మొదలుపెట్టాను. దూరం నుంచి మొరిగే కుక్క మనకు నోటీసు ఇస్తోంది. అది వెనక్కి తగ్గడానికీ, మనం దారి మార్చడానికీ వ్యవధి ఉంటుంది. తోక నిటారుగా లేపి, ఒళ్లు బిగబట్టి, రెప్ప వాల్చకుండా చూస్తే సంగతి ముదిరినట్టు. అప్పుడు ఆగి ఉన్న కారును అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకునేవాళ్లం. రెండు కుక్కల చూపులు కలవకపోతే సగం గొడవ అక్కడే సద్దుమణుగుతుంది. పరుగెత్తకూడదు. పరుగెత్తేదాన్ని తరమడం వాటి నైజం. నల్లకుక్క ట్రాన్స్‌ఫార్మర్ దాకా మా వెనకే వచ్చేది, అక్కడ టక్కున ఆగిపోయేది. ఒక్క అడుగు అవతల వేసేది కాదు.

మెడపట్టీ తీసేసి ఛాతీకి తగిలించే హార్నెస్ కొన్నాను. పొమెరేనియన్లకు గొంతు గొట్టం నాజూకు. ఆపదలో మెడపట్టీ పట్టి పైకి లాగితే ఊపిరే ఆడదు. వీపు మీద పిడి ఉన్న హార్నెస్ అయితే ఒక్క చేత్తో లేపి, రెండో చేయి పొట్ట కింద వేసి ఒంటికి హత్తుకోవచ్చు. బెల్టు కూడా సాగేది కాకుండా పొట్టిదే వాడాను. కర్ర బదులు బటన్ నొక్కితే విచ్చుకునే గొడుగు. మీదికొచ్చే కుక్క ముందు గొడుగు ఫట్‌మని తెరుచుకుంటే అది ఒక క్షణం తడబడుతుంది. ఆ క్షణం చాలు.

చిత్తకార్తెలో అయితే ఈ తెలివితేటలేవీ పనిచేయవు. అక్టోబరులో ఆ రోజులు రాగానే ఎక్కడెక్కడి మగకుక్కలో మా వీధికి వచ్చి, హద్దులన్నీ చెరిగిపోయేవి. అప్పుడు పండు షికారు మేడ మీదే.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధి కుక్కలు నాలుగేళ్ల పసివాణ్ణి చంపేశాయి. తండ్రి వాచ్‌మన్. ఆ దాడి వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. మా వాచ్‌మన్ భార్య తన పిల్లల్ని చాలారోజులు గేటు దాటనివ్వలేదు. కుక్కలకు అన్నం పెట్టడం మాత్రం మానలేదు. “ఆకలైతె ఇంక మీద వడ్తయ్” అనేది. కాలనీ రెండుగా చీలింది. కుక్కల్ని ఎక్కడికైనా తోలేయమనేవాళ్లు కొందరు, పాపం అనేవాళ్లు కొందరు. తర్వాతి నెలలోనే కేంద్రం కొత్త ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనలు తెచ్చింది. వీధి కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే తిరిగి వదలాలన్నది వాటి సారం.

ఆ ‘పట్టిన చోటే’ అన్న మాట ఎందుకో మా వీధిలో కళ్లారా చూశాను. నల్లకుక్క గుంపును ఆపరేషన్లకు బండిలో తీసుకెళ్లాక వీధి ఖాళీ అయింది. తోలేయమన్నవాళ్లు సంబరపడ్డారు. రెండు రాత్రులు తిరక్కుండానే నాలా వైపు నుంచి ముక్కూ మొహం తెలియని కుక్కలు వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ కింద పడుకున్నాయి. వాటికి మేమెవరమో తెలియదు, మాకు వాటి హద్దు ఎక్కడో తెలియదు. పాతవి చెవి కొస కత్తిరించిన గుర్తుతో తిరిగొచ్చి, రాత్రంతా కొట్లాడి, తమ జాగా తాము తీసుకున్నాకే మేం మళ్లీ నడవగలిగాం.

ఇన్ని చేసినా పండు కాటుకు గురయ్యాడు. కరిచింది వీధి కుక్క కాదు.

మా వరసలోనే ఒక డాబా ఇంట్లో రాట్‌వీలర్ ఉండేది. మేం గేటు ముందునుంచి వెళితే ఊచలు ఊగేలా మీదికి దూకేది. ఇంటాయన లోపలినుంచే “మావాడు ఏం చెయ్యడండీ, ఆడుకోవడానికే” అనేవారు. ఒకరోజు ఆయన కారు కడుగుతున్నారు. గేటు బార్లా తెరిచి ఉంది. అది మొరగలేదు, గుర్రుమనలేదు. నేను పండును లేపి గోడవైపు తిరిగేలోపే ఎగిరి వాడి నడుం పట్టుకుంది. ఇంటాయన నీళ్ల పైపు చేత్తో పట్టుకుని దాన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు. ఎదురుగా బండి మీద ఇస్త్రీ చేసుకునే అతను పరుగున వచ్చి, ఆ పైపు లాక్కుని దాని మొహం మీదికి నీళ్లు కొట్టాడు. “లాగకు మేడమ్, లాగితే చీల్తది!” అని అరిచాడు. ముక్కులోకి నీళ్లు పోయాక అది వదిలింది.

పశువుల డాక్టరు బొచ్చు గొరిగి చూపించారు. పైకి రెండే రెండు చిన్న కంతలు. లోపల మాత్రం కండ నలిగి, చర్మం కండ నుంచి విడిపోయింది. పెద్ద కుక్క చిన్నదాన్ని పట్టి విదిలిస్తే అలాగే అవుతుందనీ, పైన కనిపించే గాయాన్ని చూసి ఇంట్లో పసుపు రాసి ఊరుకునేవాళ్లు చాలామంది ఉన్నారనీ అన్నారు. ఛాతీకి ఎక్స్‌రే తీశారు. చీము బయటికి వచ్చేలా సన్నటి గొట్టం పెట్టారు. టీకా ముందే వేయించి ఉన్నా రేబిస్‌కు మళ్లీ వేశారు.

నా ముంజేతి మీదా పంటి గీత పడింది. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కు వెళ్లాను. అక్కడి వరుసలో బడి యూనిఫాంలో ఉన్న పిల్లలు, డెలివరీ కుర్రాళ్లు, చీపురు చేతిలోనే ఉన్న ఒక పారిశుద్ధ్య కార్మికురాలు. మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో చర్మం పొరలోకి చిన్న సూదులు. మా అత్తగారు మాత్రం తమ కాలంలో బొడ్డు చుట్టూ పొడిచే పద్నాలుగు ఇంజెక్షన్లను తలుచుకుని నాకంటే ఎక్కువ భయపడ్డారు.

ఈ సంఘటనతో కాలనీ మీటింగ్ పెట్టారు. విషయం వీధి కుక్కల బెడదగా మారిపోయింది. అన్నిటికంటే గట్టిగా మాట్లాడినవారు ఆ డాబా ఇంటాయనే. అందరూ తలూపుతున్నారు. వెనక నిలబడ్డ ఇస్త్రీ అతను, “సార్, అన్నీ మంచిగనె ఉన్నయ్. మరి మీ గేటు సంగతి?” అన్నాడు. ఆయనకు నోట మాట రాలేదు. పండు వైద్యం బిల్లులో సగం ఆయన ఇవ్వాలనీ, పెద్ద కుక్కల్ని బెల్టు లేకుండా బయటికి తేకూడదనీ రాసి అందరి చేతా సంతకాలు పెట్టించారు. ఆయన కూడా పెట్టారు.

వీధి కుక్కకు హద్దు ఉంటుంది, ముందస్తు హెచ్చరిక ఉంటుంది. దానికి అన్నం పెట్టే మనిషిని అడిగితే సమాచారమూ దొరుకుతుంది. ఇంటి కుక్కకు మాత్రం గొళ్లెమే హద్దు, ఆ గొళ్లెం యజమాని మర్చిపోతే ఇంకేమీ లేదు. ఇప్పుడు ఆ గేటుకు లోపల రెండో గొళ్లెం ఉంది. మేం వస్తుంటే ఆయన వసారాలోంచే కేకేస్తారు: “ఒక్క నిమిషం ఆగండమ్మా, వాణ్ణి కట్టేసి వస్తా.” చిన్న కుక్కను పెంచేవాళ్లు వీధిలో వినాలని కోరుకునే మాట అది ఒక్కటే.